వ్యాసర్పాడిలో బంతి విద్యలు

మన సంఘంలో ఎవరి దగ్గరైనా వ్యాసర్పాడి పేరెత్తి చూడండి. పెద్దలు మిల్లు సంగతి చెప్తారు. నడివయసువాళ్ళు వానాకాలంలో గణేశపురం సబ్‌వేలో నిలిచే నీళ్ళ సంగతి చెప్తారు. తక్కినవాళ్ళు ‘అబ్బో, ఆ మూలకా!’ అని ఊరుకుంటారు. నిజానికి అదేమంత మూల కాదు. సెంట్రల్ ప్రక్కన మూర్‌మార్కెట్ స్టేషన్లో లోకల్ రైలెక్కితే మొదట బేసిన్ బ్రిడ్జి, ఆ తరువాతది వ్యాసర్పాడి జీవా. చేతిలో పత్రిక విప్పేలోగా దిగవలసి వస్తుంది. మా ఆఫీసులో క్రొత్తగా చేరిన నెల్లూరు మిత్రుడొకడు ‘జీవా’ అంటే ప్రాణమని అర్థం చెప్పుకున్నాడు గాని, అది కమ్యూనిస్టు నాయకుడు జీవానందంగారి పేరు. ఆయన 1952లో వాషర్మన్‌పేట నుంచి శాసనసభకు గెలిచినవారు. 1963లో కాలం చేశారు. ఊరి పేరేమో వ్యాసమహర్షిదని స్థలం వాళ్ళ నమ్మకం. రవీశ్వరుని కోవెల ఒకటి ఉన్నది. సూర్యుడు శివుణ్ణి కొలిచిన చోటని చెప్తారు. అక్కడ ఉదయంపూట కాసేపు కూర్చుంటే ఇది చెన్నపట్నమా, ఏదైనా పాతకాలపు అగ్రహారమా అనిపిస్తుంది. కోవెల దాటి రోడ్డు మీదికి వస్తే మళ్ళీ లారీలూ, ఆటోలూ, బిర్యానీ గిన్నెలూను.

మిల్లు సంగతి రెండు మాటల్లో చెప్తాను. బకింగ్‌హామ్ మిల్లు 1876లోనూ, కర్ణాటిక్ మిల్లు 1881లోనూ వెలిసినవి. రెండూ కలిసి జనం నోట ‘బి అండ్ సి మిల్లు’ అయినవి. 1918లో మదరాసు లేబర్ యూనియన్ పుట్టింది ఆ పనివాళ్ళ మధ్యనే. తమిళులతోబాటు మన తెలుగువాళ్ళు కూడా తరాల తరబడి ఆ మగ్గాల దగ్గర నిలబడి సంసారాలు ఈదారు. 1996లో మిల్లు మూతపడింది. మా బావగారి తండ్రిగారు కర్ణాటిక్ మిల్లులో పని చేస్తూ ఆ మూతపడటం కళ్ళారా చూచినవారే. అప్పటినుంచీ ఆ యింట్లో ‘స్థిరమైన ఉద్యోగం’ అనే మాట దేవుడి పేరులాగా పలుకుతారు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందుకు పనికి వస్తుంది.

మా అక్కయ్య కాపురం మహాకవి భారతి నగర్‌లో. నెలకు రెండు ఆదివారాలైనా నేను అటు వెళ్ళటం అలవాటు. అలా వెళ్ళి వెళ్ళి ఈ వ్యాసర్పాడి బంతాట నాకు పరిచయమైంది. పత్రికలవాళ్ళు ఈ పేటకు ‘మినీ బ్రెజిల్’ అని పేరు పెట్టారు. పేరు కొంచెం పెద్దదే గాని పూర్తిగా అతిశయోక్తి కాదు. క్రికెట్ ఆడాలంటే బ్యాటు కావాలి, ప్యాడ్లు కావాలి, అన్నిటికన్న ముఖ్యంగా విశాలమైన చోటు కావాలి. ఫుట్‌బాల్‌కు ఒక బంతి ఉంటే ఇరవైమంది ఆడుకోవచ్చు. చెప్పులు రెండు ఇటూ, రెండు అటూ పెడితే గోలు సిద్ధం. హౌసింగు బోర్డు ఇళ్ళ వరుసలకు మధ్యనున్న ఆ సందుల్లో అంతకన్న ఇంకేం పడుతుంది? అలా మొదలైన ఆటను పెద్దవాళ్ళు కొందరు పూనుకొని, పిల్లల్ని ముల్లై నగర్ వైపు మైదానానికి తీసికొని వెళ్ళి, క్రమం నేర్పించి, బడి మానకుండా చూచి, పైకి తెచ్చారు. ఈ పేటలో పుట్టిన ధనపాల్ గణేశ్ చెన్నయిన్ జట్టులో మధ్యవరుస ఆటగాడై, 2018లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. గోవా మీద ఆడిన సెమీఫైనల్లో గోలు కూడా కొట్టాడు. కనుక ‘మనవాడు’ అని చెప్పుకోవటానికి పిల్లలకు ఒక పేరున్నది.

అయితే సందులో ఆడేటప్పుడు ఎవడూ గణేశ్‌లాగా ఆడడు. అదే తమాషా. ఒకడు రొనాల్డీన్యో, ఒకడు నెయ్‌మార్, ఒకడు మెస్సీ, ఒకడు క్రిస్టియానో. జుట్టు కత్తిరింపు మొదలు పెనాల్టీ కొట్టేముందు కాళ్ళు ఎడంగా పెట్టి ఊపిరి పీల్చటం వరకు అన్నీ ఆ మహానుభావులవే. గట్టు మీద కూర్చున్నవాళ్ళు ‘స్కిల్ పోడుడా!’ అని అరుస్తూంటారు. విద్య చూపరా అని దాని భావం. ఊరికే బంతి అందించేసేవాడికి అక్కడ చప్పట్లు లేవు. ఎదుటివాణ్ణి ఒక్క మాయతో బోల్తా కొట్టించినవాడికే ఆ సాయంత్రపు కీర్తి.

ఈ మాయలన్నీ సెల్‌ఫోనులోనుంచి దిగినవి. నలుగురు తలలు దగ్గర పెట్టి ఒక ఫోను చూస్తూంటే, ఏదో చూడగూడనిది చూస్తున్నారేమోనని నేను మెల్లగా వెనుకనుంచి తొంగి చూచాను. ఒక కాలు, ఒక బంతి, మళ్ళీ అదే కాలు, అదే బంతి. వేగం తగ్గించి పదిసార్లు, పదిహేనుసార్లు వేసికొని చూస్తున్నారు. మా చిన్నప్పుడు త్యాగరాజస్వామివారి ఉత్సవాలకు వెళ్ళి, విద్వాంసుడు వేసిన సంగతి ఒక్కటి మరిచిపోకముందే ఇంటికి పరుగెత్తి సాధన చేసేవాళ్ళను చూచాను. ఆ శ్రద్ధే ఇది. బడిపుస్తకం మీద ఉండదేమిరా అని అడగవచ్చు, అడిగాను కూడాను, జవాబు రాలేదు.

అన్నిటికన్న ఎక్కువగా వాళ్ళు సాధన చేసేది ‘ఎలాస్టికో’ అనే ఒడుపు. సాగే రబ్బరు వంటిదని ఆ పేరు. చెప్పటం సులభం: పాదం వెలుపలి అంచుతో బంతిని కుడికి నెట్టినట్టు నెట్టి, పాదం బంతిని వదలకముందే లోపలి అంచుతో ఎడమకు లాగివేయాలి. రెండు నెట్లూ కలిసి ఒక్క చప్పుడే వినిపించాలట. ఎదుటివాడు కుడికి కదిలేసరికి బంతీ, మనవాడూ ఎడమన ఉంటారు. బార్సెలోనా జట్టులో ఆడిన రోజుల్లో రొనాల్డీన్యో దీన్ని లోకమంతటికీ చూపించాడు గనుక పిల్లలు అది అతని సొత్తే అనుకుంటారు. నిజానికి అతనికన్న ఒక తరం ముందు, 1970లో ప్రపంచ కప్పు గెలిచిన బ్రెజిలు జట్టులోని రివెలీనో దీనికి ప్రసిద్ధుడు. పోనీ ఆయనదా అంటే ఆయనదీ కాదు. కొరింథియన్స్ క్లబ్బులో తనతో ఆడిన సెర్జియో ఎచిగో అనే మిత్రుడి దగ్గర నేర్చుకున్నానని ఆయనే చెప్పాడు. ఎచిగో తల్లిదండ్రులు జపానునుంచి బ్రెజిలుకు పొట్టచేత పట్టుకొని వెళ్ళినవాళ్ళు. అతడు తరువాత 1972లో జపాను చేరి అక్కడి పిల్లలకు బంతాట నేర్పుతూ స్థిరపడ్డాడు. చూచారా, వలస వెళ్ళిన కుటుంబంలోని కుర్రవాడి కాలినుంచి బయలుదేరిన ఒడుపు, రివెలీనో కాలిమీదుగా, రొనాల్డీన్యో కాలిమీదుగా, సెల్‌ఫోనులో పడి, మన బేసిన్ బ్రిడ్జి దాటి వచ్చింది. వలస వచ్చినవాళ్ళ బిడ్డలం గనుక మనకు ఈ కథ కొంచెం ఎక్కువ నచ్చాలి.

కొన్ని ఒడుపులకు మాత్రం యజమానీ, పుట్టినరోజూ కూడా ఉన్నవి. 1974 జూన్ 19న డోర్ట్‌మండ్‌లో హాలెండుకూ, స్వీడనుకూ ప్రపంచ కప్పు ఆట. యోహాన్ క్రైఫ్ అనే ఆయన బంతిని ముందుకు కొడుతున్నట్టు కాలెత్తి, కొట్టకుండా, ఆనించిన కాలి వెనుకనుంచి లోపలికి లాగి, వెనుదిరిగి వెళ్ళిపోయాడు. కాపలా కాస్తున్న యాన్ ఓల్సన్ గాలిని పట్టుకొని నిలబడ్డాడు. ఆ ఆటలో ఎవరికీ గోలు రాలేదు. ఫలితం మరిచిపోయినా ఆ తిప్పుడు మాత్రం ‘క్రైఫ్ తిప్పుడు’గా నిలిచిపోయింది. అలాగే 1976 జూన్ 20న బెల్‌గ్రేడులో యూరపు కప్పు ఆఖరి ఆట పెనాల్టీలదాకా వచ్చినప్పుడు, చెకోస్లొవేకియా ఆటగాడు పనెంకా బలంగా కొట్టబోతున్నట్టు పరుగెత్తి వచ్చి, బంతిని చెంచాతో ఎత్తినట్టు గోలు నడుమలోకి మెల్లగా వేశాడు. జర్మను గోలీ అప్పటికే ఒక ప్రక్కకు దూకేశాడు. మన పిల్లలు దీన్ని కూడా వేస్తారు. తప్పితే మాత్రం బంతి గోలీ చేతిలో లడ్డూ పెట్టినట్టు పడుతుంది. తరువాత ఆ కుర్రవాడికి వారం రోజులు తలెత్తుకునే వీలుండదు.

‘ఈ కోతి అనుకరణ దేనికి? సొంతంగా ఆడలేరా?’ అని మా బావగారి అన్నగారు విసుక్కుంటారు. ఆయనే ఇంకొక సంగతి చెప్తారు. 1980లో ముహమ్మద్ అలీ చెన్నపట్నం వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ చేశాడు. తరువాత ఆరు నెలలపాటు ఈ పేట కుర్రవాళ్ళంతా కాళ్ళు ముందుకూ, వెనక్కూ ఆడిస్తూ అలీలాగా నడిచారట. మీరూ నడిచారా అంటే ఆయన కాఫీ చల్లారిపోతున్నదంటారు. బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు కూడా అంతే. మైకేల్ జోర్డన్‌లాగా నాలుక బయటపెట్టి ఎగిరితేనే బంతి బుట్టలో పడుతుందని వాళ్ళ నమ్మకం. ఘంటసాలగారి గొంతు పెట్టి పాడని పెళ్ళిపందిరి గాయకుణ్ణి మనలో ఎవరైనా చూచారా? ఆఖరికి మా గుమాస్తా వృత్తిలో మాత్రం ఏమున్నది? హెడ్డు గుమాస్తా వ్రాసిన పాత కాగితం ముందు పెట్టుకొని అదే వరుసలో వ్రాయటమే మొదటి పాఠం. మా ఆఫీసులో ఒక కుర్రవాడు అలా చూచి వ్రాస్తూ పాత కాగితం మీది తేదీని కూడా భక్తితో దించేశాడు. పై అధికారి దానిని చదివి, ‘ఈయన నాకన్న సీనియరు కాబోలు’ అన్నాడు. అయినా అందరమూ అలాగే నేర్చుకున్నాం. కనుక చూచి నేర్చుకోవటాన్ని నేను తప్పు పట్టను.

నా సందేహం మరొకచోట. ఫోనులో కనిపించేది ఒక కాలు మాత్రమే. ఆ ఒడుపు సగం ఎదుటివాడి కాళ్ళలో ఉంటుంది. ఈ సంగతి నాకు చెప్పింది అక్కడ పిల్లలకు ఆట నేర్పే ఒక పెద్దమనిషి. మనిషి బరువు ఒక కాలి మీద పడి ఉన్న క్షణంలో ఆ వైపుకు వాడు అడుగు వేయలేడు. బరువు రెండో కాలికి మారిన తరువాతనే కదలగలడు. మాయ అంతా ఆ అర క్షణాన్ని పుట్టించటంలోనూ, కనిపెట్టటంలోనూ ఉన్నది. ‘బంతిని చూడకు, వాడి నడుము చూడు. పాదం అబద్ధం చెప్తుంది, కళ్ళు అబద్ధం చెప్తవి, నడుము చెప్పలేదు’ అని ఆయన రోజూ అరుస్తూంటారు. ఎదుటివాడు కదలకుండా నిలబడి ఉంటే ఎంత గొప్ప ఎలాస్టికో వేసినా నిలబడ్డ స్తంభం చుట్టూ నాట్యం చేసినట్టే.

బ్రెజిలు గరించా సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన కాళ్ళు రెండూ ఒకే వైపుకు వంకర. పైగా ఒకటి పొట్టి. 1958, 1962 ప్రపంచ కప్పులు గెలిచిన జట్టులో కుడి అంచున ఆడాడు. ఆయనకు ముఖ్యమైన మాయ ఒక్కటే: ఎడమకు వంగినట్టు వంగి కుడికి దూసుకుపోవటం. అది కాపలావాడికీ తెలుసు, కోచికీ తెలుసు, టికెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు. అయినా ప్రతిసారీ పడేవారు. రహస్యం తెలియనందువల్ల కాదు పడటం, ఆ క్షణం ఎప్పుడు వస్తుందో తెలియనందువల్ల. దాన్ని దించుకోవాలంటే ఏ ఫోనులో చూచి దించుకుంటారు?

పోతే నేల సంగతి. యూరపు మైదానంలో తడిపచ్చిక మీద చేసే పనిని వీళ్ళు ఇసుకా, గులకరాళ్ళూ కలిసిన నేలమీద, లేదా సిమెంటు సందులో చేయాలి. పచ్చిక మీద బంతి కాలికి అతుక్కున్నట్టు దొర్లుతుంది. సిమెంటు మీద ఎగురుతుంది. సగంమందికి బూట్లుండవు. బంతికి గాలి సరిగా ఉండదు. అందుచేత మొదటి వారం అచ్చంగా రొనాల్డీన్యోలాగా వేయబోయి వేలిగోరు పోగొట్టుకున్నవాడు, రెండో వారానికి పాదం అంచు మాని అరికాలితో బంతిని అదిమి పట్టి లాగటం మొదలుపెడతాడు. చెంత నిలబడి చూస్తే అది ఎలాస్టికో కాదు, దాని మేనబావ. అయినా పని జరుగుతున్నది. ఉత్తకాలితో బంతాడటం మనకు క్రొత్తగాదు. 1948 లండను ఒలింపిక్స్‌లో మన జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్సుతో ఆడి, 2–1 తేడాతో మాత్రమే ఓడారు. ఆ ఆటలో వచ్చిన రెండు పెనాల్టీలు చెడిపోకుంటే కథ వేరుగా ఉండేది.

ఆట నేర్పే ఆ పెద్దమనిషి వారంలో ఒక రోజు పెట్టే నియమం ఉన్నది. ఆ రోజు ఎవడూ బంతిని రెండు తాకులకు మించి తాకగూడదు. మొదటి తాకు ఆపటానికి, రెండోది అందించటానికి. పిల్లలకు ఆ రోజు ఏకాదశి ఉపవాసం. నాకు మాత్రం అది చూడగానే మన హైదరాబాదు రహీంసాబు గుర్తుకు వచ్చారు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా మొదలై, హైదరాబాదు సిటీ పోలీసు జట్టునూ, తరువాత భారత జట్టునూ తీర్చిదిద్దినవారు. ఆయన చేతిలోనే మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఆయన డ్రిబ్లింగు లేకుండా ఆడే పోటీలూ, బలహీనమైన కాలితోనే కొట్టే పోటీలూ పెట్టించేవారు. మరుసటి సంవత్సరం, 1963లో, ఆయన పోయారు. మాయలు తెలిసినవాళ్ళ చేత మాయలు మాన్పించటం ఎందుకంటే, చేయి కట్టేస్తేనే గదా కన్ను పనిచేసేది!

ఇక మా మేనల్లుడి సంగతి. పదో తరగతి. పొడుగు కాళ్ళు, చిన్న మాటలు. వాళ్ళ సందులో ఎలాస్టికో వాడిదే. ఫలానా వాడి ఎలాస్టికో చూడాలని ప్రక్క వీధి పిల్లలు వచ్చేవాళ్ళు. వాడి తల్లికి వాడి పాదాలకు అంటిన మట్టి తప్ప మరేమీ కనిపించదు. తండ్రికి మాత్రం ఒక లెక్క ఉన్నది. ఈ పట్నంలో రైల్వేవాళ్ళూ, కోచ్ ఫ్యాక్టరీవాళ్ళూ, బ్యాంకులవాళ్ళూ ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చిన సంగతి ఆయనకు తెలుసు. కాలేజీ సీటుకు కూడా ఆట పనికి వస్తుంది. మిల్లు మూతపడ్డ ఇంట్లో పెరిగిన మనిషికి బంతి కూడా ఒక దరఖాస్తు కాగితమే. కనుక ఒక జట్టు ఎంపికకు పిలుపు వచ్చినప్పుడు ఆయనే సెలవు పెట్టి వెంట వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు.

ఒక్కొక్క గుంపుకు ఇరవై నిమిషాల ఆట. గట్టు మీద ముగ్గురు పెద్దలు కాగితాలు పట్టుకొని కూర్చున్నారు. వీడు మొదటిసారి ఎలాస్టికో వేశాడు. కాపలా కుర్రవాడు చతికిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఓయని అరిచారు. మా బావగారు నా భుజం నొక్కారు. రెండోసారి వేశాడు, అదీ పారింది. మూడోసారికి ఎదుటి కుర్రవాడు తెలివి తెచ్చుకొని కదలకుండా నిలబడ్డాడు. బంతి వాడి కాలికి పోయి తగిలింది. వాడు అందుకొని ముందుకు కొట్టాడు. మూడు అందింపులలో ఇటు గోలు పడింది. సాయంత్రం చదివిన జాబితాలో మావాడి పేరు లేదు.

తిరుగు రైల్లో ఎవరం మాట్లాడలేదు. బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు అలవాటు ప్రకారం ఆగిపోయింది. అప్పుడు మా బావగారు, ‘వాళ్ళకు ముందే అనుకున్న పిల్లలున్నారేమో’ అన్నారు. నేను ఊరుకున్నాను. మావాడే అన్నాడు, ‘లేదు నాన్నా. మూడుసార్లూ ఎడమన ఒకడు ఖాళీగా నిలబడి ఉన్నాడు. నాకు కనిపించాడు.’

‘కనిపిస్తే ఇవ్వలేదేమిరా?’

‘ఇస్తే ఎవరూ అరవరుగా’ అన్నాడు వాడు, కిటికీ బయటికి చూస్తూ.

ఈ మాట విని వాడి మీద నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే, పదిహేనేళ్ళవాడు అంత సూటిగా తన సంగతి తాను చెప్పుకోవటం చూచి కొంచెం గౌరవం కలిగింది. ఆ పేటలో ఇరుకు ఇంట్లో, పదిమందిలో ఒకడుగా పెరిగే పిల్లవాడికి ‘ఇది నాది’ అని చూపించుకోవటానికి ఏమున్నది? సొంత గది లేదు, సైకిలు లేదు. రొనాల్డీన్యో దగ్గర తెచ్చుకున్నదైనా సరే, సందులో అందరూ వాడిదిగా ఒప్పుకున్న ఒక్క వస్తువు ఆ ఎలాస్టికో. అది ఎక్కడ వాడాలో కాక, ఎక్కడ వాడితే అరుపులు వస్తవో వాడికి తెలుసు. ఆ రెంటికీ మధ్యనున్న దూరం ఎంపిక చేసేవాళ్ళ కాగితం మీద పడింది.

ఇంట్లో ఆ రాత్రి పెద్ద చర్చే జరిగింది. అక్కయ్య బంతిని అటక మీద పెట్టేయమన్నది. బావగారు ఎటూ తేల్చలేదు. మిల్లు తాతగారి ఫొటో క్రింద కూర్చొని చాలాసేపు ఆలోచించి, చివరికి ఇలా ఏర్పాటు చేశారు: పరీక్షలు అయ్యేదాకా వారానికి రెండు రోజులే మైదానం. అందులో ఒకటి తప్పనిసరిగా ఆ రెండు తాకుల రోజు. పరీక్షల తరువాత మళ్ళీ ఎంపికకు పోవచ్చు. వాడు ఒప్పుకున్నాడు. రెండు తాకుల రోజును తండ్రి ఎందుకు ఏరుకున్నారో వాడికి అర్థమైంది గనుక ముఖం మాత్రం ముడుచుకున్నాడు. 2025 మార్చి 30న బ్రెజిల్ మాజీ ఆటగాళ్ళు వచ్చి మన నెహ్రూ స్టేడియంలో భారత మాజీలతో ఆడినప్పుడు కూడా వాడి ఫిర్యాదు ఇదే: ‘ఎంతసేపూ పాసులే ఇచ్చుకున్నారు మావయ్యా!’ బ్రెజిలువాళ్ళే అలా ఆడితే మరి మనం ఎవరిని చూచి నేర్చుకోవాలిరా అని నేనడిగితే, ‘వాళ్ళు ముసలివాళ్ళు’ అన్నాడు. రివెలీనో సంగతి చెప్పబోయాను గాని వాడప్పటికే వీధిలో ఉన్నాడు.

ఈ రెండు తాకుల రోజునే నేనక్కడ మరొక చిత్రం చూచాను. ఆడపిల్లలు కూడా అక్కడ మగపిల్లలతో సమంగా సాధన చేస్తారు. ఈ పేట ఆడపిల్లల ఆట గురించి పత్రికలు చాలాసార్లు వ్రాసినవి. వాళ్ళలో పదకొండో బ్లాకు పిల్ల ఒకతె ఉన్నది. పదమూడేళ్ళుంటవి. తల్లి ఇంట్లో కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుడుతుంది. ఆ పిల్ల ఎక్కువగా అరవదు, జుట్టుకు ఏ నాయకుడి కత్తిరింపూ లేదు. ఆ రోజు బంతి ఆమెకు గీత ప్రక్కన వచ్చింది. వెనుక మావాడు కాపలా. రెండే తాకులు గదా, ఆమె అందించక తప్పదు, ఏ వైపు అందిస్తుందో కూడా స్పష్టంగా కనిపిస్తున్నది. మావాడు ఆ వైపుకు కాలు చాచాడు. ఆమె కొట్టబోయి కొట్టకుండా, ఆనించిన కాలి వెనుకనుంచి బంతిని లోపలికి లాగింది. ఆ ఒక్క లాగుడే మొదటి తాకు. రెండో తాకుతో ఖాళీగా ఉన్న పిల్లకు అందించేసింది. ఏ అరుపులూ లేవు. ఎవరికీ అరవటానికి వ్యవధి దొరకలేదు. ఆట నేర్పే పెద్దమనిషి మాత్రం ఈల నోట్లో పెట్టుకొని ఊదటం మరిచిపోయి నిలబడ్డారు. మావాడు రెండు చేతులూ నడుము మీద పెట్టుకొని ఆమె వెళ్ళిన వైపే చాలాసేపు చూచాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని తరువాత నేనడిగితే, ‘అక్క వేస్తుంది, చూచాను’ అన్నది. అక్క ఎక్కడ చూచిందో ఆమెకు తెలియదు.

తరువాతి ఆదివారం నేను వెళ్ళేసరికి సందులో మగపిల్లలు నలుగురు వరుసగా నిలబడి అదే తిప్పుడు సాధన చేస్తున్నారు. వాళ్ళలో మావాడూ ఉన్నాడు. ఇద్దరు ఫోను లేకుండానే ఒకరి నడుము ఒకరు చూస్తూ మెల్లగా తిరుగుతున్నారు. సిమెంటు మీద బంతి ఎగురుతుంది గనుక లాగేముందు అరికాలితో ఒక నొక్కు నొక్కటం అందులో క్రొత్తగా చేరింది. నేను గట్టు మీద కూర్చొని, ‘ఒరేయ్, ఇది 1974లో హాలెండు క్రైఫ్‌గారు వేసిన తిప్పుడు, తెలుసునా?’ అన్నాను.

‘ఎవరు మావయ్యా?’ అన్నాడు మావాడు, బంతి మీదనుంచి చూపు త్రిప్పకుండా. ‘ఇది పదకొండో బ్లాకు తిప్పుడు.’